వచ్చిన పని

సెలవుకి ఎక్కడికెళ్తున్నారని ఎవరైనా అడిగితే అచ్యుతాపురం అని చెప్పి చూడండి. ముందు మీ మొహంకేసి ఓసారి పరీక్షగా చూస్తారు. తరవాత "అక్కడ మీకెవరున్నారు?" అంటారు. ఎవరూ లేరంటే "అబ్బాయికి సెజ్‌లో ఉద్యోగమా?" అంటారు. అదీ కాదంటే గొంతు తగ్గించి, "స్థలం గానీ చూస్తున్నారా? రేట్లు ఇప్పటికే చేయి దాటిపోయాయండీ" అని హెచ్చరిస్తారు. ఊరికే చూడ్డానికి వెళ్తున్నామంటే మాత్రం ఎవరూ నమ్మరు. "చూడ్డానికేముందక్కడ?"

ఆ ప్రశ్నను తప్పుపట్టలేం. మన టూర్లకి ఓ లెక్కుంది. ఊటీ వెళ్ళినా, కొడైకెనాల్ వెళ్ళినా, మన అరకే వెళ్ళినా, ఇవాళ ఎన్ని పాయింట్లు చూడాలో కారు డ్రైవరు పొద్దున్నే చెప్పేస్తాడు. సన్‌రైజ్ పాయింటు, వ్యూ పాయింటు, ఎకో పాయింటు. దిగడం, ఫొటో తీసుకోవడం, కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనడం, మళ్ళీ ఎక్కడం. చీకటిపడేలోగా పాయింట్లన్నీ పూర్తయితే పెట్టిన డబ్బు గిట్టినట్టు. ఏ పాయింటూ లేని ఊరికి సొంత డబ్బుతో, సొంత సెలవుతో వెళ్ళేవాణ్ణి చూస్తే ఇంట్లోవాళ్ళకే అనుమానం వస్తుంది. మా ఆవిడకైతే వచ్చింది.

అసలీ ఆలోచన నా బుర్రలో పుట్టింది కాదు. మా అక్క కొడుకు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి మన పిల్లలందరూ సెలవొస్తే మొహర్ కొండచరియలకో, గాల్వేకో, కిల్లార్నీకో కార్లేసుకుని పోతారు. వీడు మాత్రం లీట్రిమ్ అనే కౌంటీకి వెళ్ళొచ్చాడు. ఎందుకురా అంటే, "గది అద్దె అక్కడే తక్కువ మావయ్యా" అన్నాడు. నిజమైన కారణాలు ఎప్పుడూ ఇలాగే చిన్నవిగా ఉంటాయి. వెళ్ళాక గది ఇచ్చిన పెద్దావిడ, టీ పోస్తూ, "ఇంత దూరం ఇక్కడికెందుకొచ్చావు నాయనా?" అని మహా ఆశ్చర్యపడిందట. ఫోన్లో ఆ మాట వినగానే నాకు మా పాత విశాఖ జిల్లా దక్షిణపు కొస గుర్తొచ్చింది.

లీట్రిమ్ గురించి తరవాత నేనూ కొంత చదివాను. ఐర్లండు మొత్తంలో అతి తక్కువ జనం ఉన్న కౌంటీ అది. 2022 జనాభా లెక్కల్లో 35 వేలు, అంటే మన దగ్గర ఓ మోస్తరు మున్సిపాలిటీ. దానికి సముద్రతీరం కూడా ఉంది, నాలుగు కిలోమీటర్లకి అటూ ఇటూగా. ఇంత పొట్టి తీరం ఉన్న కౌంటీ ఆ దేశంలో ఇంకోటి లేదు. షానన్ నదినీ ఎర్న్ నదినీ కలుపుతూ 1860లో ఓ కాలువ పూర్తిచేశారు. దాంట్లో పట్టుమని పది పడవలు కూడా నడవకముందే వదిలేశారు. నూట పాతికేళ్ళు నాచు పట్టి పడున్న ఆ కాలువని 1994లో మళ్ళీ తెరిచారు. ఈసారి సరుకు కోసం కాదు, సెలవుల్లో పడవల మీద తిరిగేవాళ్ళ కోసం. క్యారిక్ ఆన్ షానన్ అనే ఊళ్ళో 1879లో ఓ వ్యాపారి, చనిపోయిన భార్య కోసం కట్టించిన చిన్న ప్రార్థనామందిరం ఉంది. పదిమంది పట్టడం కష్టం. చూడదగ్గవి అంటే దాదాపు ఇవే. ఇక జాన్ మెగాహెర్న్ అనే పెద్ద రచయిత ఆ కౌంటీలోనే ఓ చెరువు పక్కన ఉండేవాడు. ఆయన చివరి నవల 2002లో వచ్చింది. ఓ చెరువు, దాని చుట్టూ నాలుగిళ్ళు, గడ్డి కోతలు, గొర్రెలు, ఒకళ్ళింటికి ఒకళ్ళు రావడం పోవడం, అంతే. కథ అని చెప్పుకోదగ్గది జరగదు.

అయితే మా మేనల్లుడు చెప్పని లెక్క ఒకటుంది. 1841లో ఇదే లీట్రిమ్‌లో లక్షా యాభై అయిదు వేలమంది ఉండేవారు. తరవాత బంగాళాదుంప తెగులొచ్చి కరువు పడింది. చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు ఓడలెక్కారు. ఆ వలస ఓ తరంతో ఆగలేదు, నూరేళ్ళపాటు సాగింది. అంటే వాడు సెలవు పెట్టి వెళ్ళి హాయిగా అనుభవించిన ఆ ప్రశాంతత, ఐదుగురున్న చోట దాదాపు నలుగురు లేకపోవడం వల్ల వచ్చింది. ఈ మాట వాడితో అనలేదు. అనకుండా ఉండాల్సింది కూడా కాదేమో.

మా సంగతికొస్తాను. అచ్యుతాపురం అనకాపల్లికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న మండల కేంద్రం. ఎలమంచిలి రైల్వే స్టేషను ఇంకా దగ్గర. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి వేరే జిల్లా అయ్యేదాకా ఇదంతా విశాఖపట్నం అనే పెద్ద పేరు వెనకాల ఉండిపోయింది. విశాఖ వచ్చినవాళ్ళు ఆర్కే బీచి చూస్తారు, కైలాసగిరి ఎక్కుతారు, బొర్రా గుహల్లోకి దిగుతారు. అంతా ఉత్తరానికో పడమటికో పోతారు. దక్షిణం వైపు మాత్రం రైల్లో నిద్రపోతూ దాటేస్తారు, తునిలో లేచి టీ తాగుతారు.

అచ్యుతాపురంలో లాడ్జీలకి లోటు లేదు. కానీ అవన్నీ కంపెనీల పని మీద వచ్చే ఇంజనీర్ల కోసం, ఆడిటర్ల కోసం వెలిసినవి. మేం దిగిన చోట కౌంటర్లోని కుర్రాడు రిజిస్టరు తెరిచి పేరు రాశాడు, ఊరు రాశాడు, "ఏ కంపెనీ సార్?" అన్నాడు. ఏ కంపెనీ కాదన్నాను. "మరి వచ్చిన పని?" రిజిస్టర్లో ఆ గడి నిజంగానే ఉంది. పైనున్న వరసలన్నిట్లో కంపెనీ పని, కంపెనీ పని, మెషిన్ రిపేరు, ఇంటర్వ్యూ, మళ్ళీ కంపెనీ పని. చూడ్డానికి వచ్చామని చెప్పాను. కుర్రాడు కలం ఎత్తి పట్టుకుని, "ఎవర్ని సార్?" అన్నాడు.

ఇది నవ్వుకోడానికి చెప్పినా, ఆ వారమంతా నేను ఆలోచించింది ఈ గడి గురించే. టూరిస్టు ఊళ్ళో అందరి పనీ మనమే. ఆటోవాడు, గుర్రంవాడు, గవ్వల దండలమ్మే పిల్ల, హోటలు గుమ్మంలో నిలబడి చేతులు జోడించే మనిషి, వీళ్ళందరి రోజూ మన చుట్టూ తిరుగుతుంది. మనం రాకపోతే ఆ ఊరికి ఆ పూట గడవదు. అచ్యుతాపురంలో మనతో ఎవరికీ పని లేదు. ఎవరి పనిలో వాళ్ళున్నారు. పనున్న ఊళ్ళో ఏ పనీ లేని మనిషిగా తిరగడం అనే స్థితి నాకు కొత్త. మొదటి పూట సిగ్గేసింది. రెండో పూటకి కళ్ళు తెరుచుకున్నాయి. మనకి చూపించడానికని ఎవరూ ఏదీ చెయ్యనప్పుడు కనిపించేదంతా జరుగుతున్నదే.

అనకాపల్లి రోడ్డు మీద మునగపాక దాటుతుంటే బెల్లం వాసన వస్తుంది, సీజన్లో వెళ్తే. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి అనకాపల్లిది. ఆ దిమ్మలు తయారయ్యేది ఈ పక్క ఊళ్ళలోనే. పొలంలో ఓ పాక కింద క్రషర్ గరగరమంటూ తిరుగుతోంది. రసం తీసేసిన పిప్పి చుట్టూ ఎండేసి ఉంది. ఎండిన పిప్పే పొయ్యికి వంటచెరకు, బయటినుంచి పుల్ల కొననక్కర్లేదు. పెనంలో రసం మరుగుతుంటే ఒకతను సున్నపు నీళ్ళు చల్లి, పైకి తేలిన మడ్డిని పొడుగాటి గరిటెతో తీసి పక్కన పోస్తున్నాడు. ఆ పాకం చూసే పెద్దాయన మాత్రం ఎవరితోనూ మాట్లాడ్డు. కాస్త తీసి నీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ కట్టి చూస్తాడు, మళ్ళీ చూస్తాడు. మేం పక్కన నిలబడి ఏదో అడగబోతే చెయ్యి అడ్డంపెట్టాడు. అర నిమిషం ఆలస్యమైతే రంగు మారుతుంది, రంగు మారితే మార్కెట్లో ధర మారుతుంది. అంత పెనం దించేశాక అప్పుడు మాకేసి చూసి నవ్వి, తామరాకు మీద వేడి పాకం వేసిచ్చాడు. డబ్బు తీసుకోలేదు. టూరిస్టు ఊళ్ళో దీనికి టిక్కెట్టు ఉండేది, పక్కన ఓ బోర్డు ఉండేది, నిజానికి ఉంటే తప్పేముంది అనిపించింది కూడా. ఎందుకంటే చెరకు ఏటేటా తగ్గిపోతోంది. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార చక్కెర ఫ్యాక్టరీలు ఒకదాని తరవాత ఒకటి మూతపడ్డాయి. చెరకు తీసేసిన చేలల్లో సరుగుడు మొక్కలు లేచాయి. సరుగుడుకి నీళ్ళు పెట్టక్కర్లేదు, కూలీలు అక్కర్లేదు, మనిషే అక్కర్లేదు.

హరిపాలెం దగ్గర పక్కకి తిరిగితే కొండకర్ల. అక్కడి ఆవ గురించి నేను ఎంతైనా చెప్తాను. రాష్ట్రంలో కొల్లేరు తరవాత పెద్ద మంచినీటి సరస్సు ఇదేనంటారు. కొల్లేరుకి 2002లో రామ్సర్ గుర్తింపు వచ్చింది, దాని మీద పుస్తకాలొచ్చాయి, పోరాటాలు జరిగాయి, కొల్లేటి చాంతాడని ఓ సామెతే ఉంది. కొండకర్ల ఆవకి ఏమీ లేదు. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్ళు, నీళ్ళ మీద మైళ్ళకొద్దీ తామరాకులు.

అక్కడి పడవ ఇంకెక్కడా నేను చూడలేదు. రెండు తాటి మొద్దుల్ని లోపల తొలిచి, పక్కపక్కన పెట్టి కట్టేస్తారు. తాటి దోనె. మనం ఒక మొద్దులో ఓ కాలూ ఇంకో మొద్దులో ఇంకో కాలూ పెట్టి, మధ్యన వేసిన బల్ల మీద కూర్చోవాలి. వెనకాల ఒకతను నిలబడి గెడ వేస్తాడు. అంచుకీ నీటికీ మధ్య జానెడు ఎత్తు కూడా ఉండదు. మా ఆవిడ ఎక్కేముందు నాకేసి చూసిన చూపులో మా పెళ్ళైన నాటి నుంచి నేను పెట్టిన కష్టాలన్నీ ఉన్నాయి. ఎక్కాక మాత్రం దిగనంది.

నీటి మట్టం నుంచి చూస్తే ఆవ వేరేలా ఉంటుంది. గట్టు మీద నిలబడితే కనిపించేది పచ్చదనం. దోనెలో కూర్చుంటే ఒక్కో ఆకు విడిగా కనిపిస్తుంది. దాని అంచు పైకి లేచి ఉంటుంది, మధ్యలో నీటి బొట్టు అటూ ఇటూ దొర్లుతుంది, ఆకు కింద ఊదారంగు ఈనెలు. సన్నని పొడుగు వేళ్ళున్న పిట్టలు ఆ ఆకుల మీద నడుచుకుంటూ పోతున్నాయి. ఆకు కాస్త కుంగేలోపే వేరే ఆకు మీదికి కాలేస్తాయి. నీటికాకి ఒకటి రెక్కలు ఆరబెట్టుకుంటూ ఎండిన కొమ్మ మీద కూర్చుంది. లకుముకి పిట్ట మా ముందే నీళ్ళలో పడి చేపతో లేచింది. చలికాలంలో దూరదేశాల పిట్టలు కూడా వస్తాయని దోనె నడిపే ఆయన చెప్పాడు. ఏ దేశాల నుంచని అడిగాను. "మాకేటి తెలుస్తాది బాబూ? అవొత్తాయి, ఎల్తాయి. అడిగితే సెప్తాయా?" అన్నాడు.

కాస్త దూరం పోయాక ఆయనే అడిగాడు, "మీరేటి సూద్దారని వొచ్చినారు?" అని. ఇదేనని చెయ్యి చూపించాను. ఆయన గెడ ఆపి చుట్టూ చూశాడు. కొత్తగా ఏమైనా వచ్చిందేమో అన్నట్టుంది ఆ చూపు. తరవాత తన మనసులో మాట చెప్పాడు. రోడ్డు వెడల్పు చెయ్యాలి, గట్టు మీద కొట్లు పెట్టాలి, మోటారు బోట్లు రావాలి, విశాఖ నుంచి బస్సులెయ్యాలి. "జనాలు రావాల బాబూ. జనాలొస్తే మా పిల్లోడు కంపినీలోకెల్లకుండా ఈడనే ఉంటాడు."

మోటారు బోటు పేరు వినగానే నా మనసు చివుక్కుమంది. డీజిలు వాసన, స్పీకర్లో పాటలు, తామరాకుల మధ్యన చిప్స్ ప్యాకెట్లు, అన్నీ కళ్ళముందు కదిలాయి. వద్దని చెప్పబోయాను. ఏ అధికారంతో చెప్పను? నేను గంట సేపు ఉండి పోయే మనిషిని. నాకు ఈ ఆవ ఇలాగే ఉండాలి, ఎందుకంటే ఏడాదికో రెండేళ్ళకో ఓసారి వచ్చి చూసుకోవాలి. అందుకోసం ఆయన కొడుకు రాత్రి షిఫ్టుకి వెళ్ళాలి. ఊళ్ళ ప్రశాంతతని మెచ్చుకునే వ్యాసాలు నేను చాలా చదివాను. మెచ్చుకునేవాళ్ళలో ఆ ఊళ్ళో ఉండేవాళ్ళు ఒక్కరూ లేరు. అయితే ఆయన అన్నదంతా ఒప్పుకుంటానా అంటే అదీ లేదు. మోటారు బోటు వస్తే దాని యజమాని కొండకర్ల మనిషి కాబోడు. తాటి మొద్దు తొలవడం ఆయనకొచ్చు. బోటు కొనే పెట్టుబడి విశాఖలోనో హైదరాబాదులోనో ఉంది. ఆ సంగతి అంటే, "అదీ నిజిమే" అని మళ్ళీ గెడ వేశాడు.

మిగిలినవి త్వరత్వరగా చెప్తాను. ఎస్.రాయవరంలో గురజాడ అప్పారావుగారు 1862లో మేనమామల ఇంట పుట్టారు. ఆయన పేరు చెప్పగానే అందరం విజయనగరం అంటాం, ఇటు తలతిప్పం. ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉంది. లక్క బొమ్మల ఊరు. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తరవాత మొగలి ఆకు నొక్కిపెడితే అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు వచ్చే క్షణం చూసితీరాలి. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆకులూ గింజలూ వేళ్ళ నుంచి రంగులు తీయడాన్ని మళ్ళీ నిలబెట్టిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. శంకరంలోని బొజ్జన్నకొండ బౌద్ధుల కొండ. ఒకే రాతిలోంచి చెక్కిన స్తూపాలు మెట్లుమెట్లుగా ఉంటాయి. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వించాడు. కనుమనాడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అక్కడ తీర్థంలా చేరతారు. ఓ బొజ్జలాంటి రాయిని రాక్షసుడిదనుకుని రాళ్ళు రువ్వి వెళ్ళేవారు. అది తప్పని చెప్పి మాన్పించారు. మంచిదే. కానీ ఇప్పుడు ఆ రోజు తప్ప తక్కిన రోజుల్లో కొండ మీద కాపలా మనిషీ కోతులూ తప్ప ఎవరూ ఉండరు.

పంచదార్ల దగ్గర మాత్రం ఆగాలి. ధారపాలెం పక్కన కొండ, కొండ కింద ధర్మలింగేశ్వరుడి గుడి, కొండలోంచి దిగే అయిదు ధారలు. మే నెలలో కూడా ఆగవంటారు. ఎలమంచిలి రాజధానిగా ఓ చాళుక్య శాఖ ఈ సీమని ఏలింది. 15వ శతాబ్దపు తొలినాళ్ళ వాళ్ళ శాసనాలు ఇక్కడి స్తంభాల మీద ఉన్నాయి. మేం వెళ్ళేసరికి ఆ స్తంభాల్లో ఒకదానికి తాడు కట్టి, రెండో కొస చెట్టుకి కట్టి, ఎవరో తడి పంచె ఆరేశారు. మొదట కోపమొచ్చింది. పురావస్తు శాఖ బోర్డు ఎక్కడుందా అని వెతికాను. ఈలోపు పంచె యజమాని వచ్చాడు, ఒళ్ళంతా తడి, చేతిలో చెంబు. "ధారలో మునగండి బాబూ, సల్లగుంటాది" అని మాకు దారి చూపించాడు. ఆరువందల ఏళ్ళ కింద అక్షరాలు చెక్కించిన రాజు కూడా ఈ ధారలో స్నానం చేసే ఉంటాడు. ఆయన పంచె ఎక్కడ ఆరేశారో శాసనంలో రాయలేదు.

ఇక పూడిమడక. అచ్యుతాపురం నుంచి సముద్రం వైపుకి పోతే వచ్చే జాలరుల ఊరు. తెల్లవారాక తీరంలో ఉంటే బోట్లు రావడం చూడొచ్చు. బోటు ఇసుక తాకగానే ఆడవాళ్ళు తట్టలతో చుట్టుముడతారు. కోనాం, చందువా, సూర, కవ్వళ్ళు కుప్పలుగా పోస్తారు. వేలం పాట మొదలవుతుంది. పాడే మనిషి నోట్లోంచి అంకెలు ఊడిపడుతుంటాయి, కొనేవాళ్ళు కనుబొమ్మ ఎగరేస్తే సరుకు వాళ్ళది. నేను అటూ ఇటూ తల తిప్పడానికి కూడా భయపడ్డాను, ఏ కుప్ప నా నెత్తిన పడుతుందోనని. మా ఆవిడ మాత్రం ఇద్దరు ఆడవాళ్ళతో మాట కలిపి, ఇగురులో చింతకాయ వేస్తారా మామిడికాయ వేస్తారా అనే చర్చలో దిగిపోయింది. పావుగంటలో ఇసుక మీద పొలుసులూ కాకులూ తప్ప ఏమీ మిగల్లేదు. సరుకు ఆటోలెక్కి ఐసులో పోయింది.

ఈ తీరానికి ఎక్కువ రోజులు ఇలా ఉండే యోగం లేదు. 2025 జనవరి 8న ప్రధాని మోదీ విశాఖ నుంచి పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. ఎన్‌టీపీసీ వాళ్ళది, 1.85 లక్షల కోట్ల పెట్టుబడి అన్నారు. ఇంకాస్త దక్షిణాన రాంబిల్లి దగ్గర నౌకాదళం స్థావరం కడుతోంది. అచ్యుతాపురంలో బ్రాండిక్స్ అనే శ్రీలంక కంపెనీ బట్టల నగరం వెయ్యి ఎకరాల్లో ఉంది. చుట్టుపక్కల ఊళ్ళనుంచి వేలమంది ఆడపిల్లలు అక్కడ కుట్టుమిషన్ల మీద పనిచేస్తారు. సెజ్ కోసం దిబ్బపాలెంలాంటి ఊళ్ళు లేచి వేరేచోట కాలనీలయ్యాయి. 2024 ఆగస్టు 21న ఓ ఫార్మా యూనిట్లో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. దేశంలో చాలామంది అచ్యుతాపురం అనే పేరు విన్నది ఆ రోజే.

లీట్రిమ్‌లో జనం వెళ్ళిపోగా ప్రశాంతత మిగిలింది. ఇక్కడ జనం వస్తుంటే ఉన్న ప్రశాంతత పోతోంది. ఏది నయం అని నన్నడిగితే, దోనె నడిపే ఆయన కొడుకు తరఫున ఆలోచించి, రెండోదే అంటాను. ఐర్లండు పిల్లలు ఓడలెక్కిన కాలంలో ఊళ్ళోనే ఓ కంపెనీ గంట మోగి ఉంటే ఎంతమంది ఆగేవారో. మా మేనల్లుడు డబ్లిన్‌లో ఉన్నది కూడా ఇక్కడ గంట మోగకే. కానీ అలా అని కొండకర్ల ఆవ గట్టున కంపెనీ పైపులు తేలితే నేను ఊరుకోను. ఈ రెండు మాటలూ ఒకే నోట పొసగవని నాకు తెలుసు. అయినా రెండూ నావే.

ఇక ఈ ఊళ్ళ గురించి పదిమందికి చెప్పాలా వద్దా అని ఇంట్లో వాదన జరిగింది. చెబితే జనం పోయి పాడుచేస్తారని నేను. జనం పోకపోతే కంపెనీలు పోయి పాడుచేస్తాయి కదా అని మా ఆవిడ. ఎవరూ చూడని చెరువుని పూడ్చడం తేలిక, పదిమంది ఫొటోలు తీసుకున్న చెరువుని పూడ్చడం కష్టం అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు, అందుకే చెప్పేస్తున్నాను.

ఎలమంచిలిలో రైలు దిగండి, లేదంటే అనకాపల్లి నుంచి బస్సెక్కండి. కొండకర్లకి పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే పిట్టలూ ఉండవు, దోనెలో మీరూ ఉండలేరు. తాగేనీళ్ళూ టిఫినూ వెంట తీసుకెళ్ళి, ఖాళీ సీసాలు కూడా వెంట తెచ్చేసుకోండి. ఏటికొప్పాకలో బొమ్మ కొంటే రంగు దేంతో చేశారో అడగండి, చెప్పడం వాళ్ళకిష్టం. పంచదార్లకి తువ్వాలు మర్చిపోకండి. పూడిమడకలో సముద్రాన్ని ఒడ్డునుంచే చూడండి, దిగకండి. 2022 జూలైలో అనకాపల్లి నుంచి సరదాగా వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు కొందరు అక్కడే మునిగిపోయారు. తిరిగొచ్చేటప్పుడు షిఫ్టు వదిలే వేళకి అచ్యుతాపురం జంక్షన్లో ఇరుక్కోకండి. ఆడపిల్లలతో నిండిన బస్సులు వరసపెట్టి వస్తాయి, అరగంట దాకా మీ కారుకి దారి దొరకదు. హారన్ కొట్టినా లాభం లేదు, వాళ్ళు పొద్దుట్నుంచీ నిలబడి పనిచేసి ఇంటికెళ్తున్నారు.